తిమ్మరుసు: మా అబ్బ పేరు మా బాబుకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం వైపు. నా భార్య పుట్టిల్లు గుంటూరు దగ్గర. ఈమధ్యే మాకు బాబు పుట్టాడు. 21వ రోజున బారసాల. మా అబ్బ (మా నాన్నకు నాన్న) పేరు తిమ్మరుసు, పోయినేడు కాలం చేశాడు. మనవడికి ఆ పేరే పెట్టాలని మా నాన్న పట్టుదల. నాకూ ఇష్టమే. నా భార్యకు మాత్రం మూడు అనుమానాలున్నాయి. తిమ్మడంటే కోతి అని నిఘంటువులోనే ఉందట, రేపు బడిలో పిల్లలు ఏడిపిస్తారని ఒక భయం. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 'గొప్ప మంత్రి' అని, ఇంకోచోట 'రుసు అంటే ఋషి' అని ఉంది. ఏది నమ్మాలో తెలియక ఇంకో చిరాకు. అన్నిటికన్నా పెద్దది మూడోది. చరిత్రలో తిమ్మరుసుకు కళ్లు తీయించారు కదా, అలాంటి పేరు పసివాడికి పెడితే అరిష్టం కాదా అంటుంది. ఈ పేరున్నవాళ్లు మాకు తెలిసి ఇంకెవరూ లేరు. అసలిది ఎక్కణ్ణుంచి వచ్చింది? పెట్టమంటారా, వద్దంటారా?

సమాధానం: ముందు బాబుకు నా ఆశీస్సులు. పేరు నిక్షేపంగా పెట్టొచ్చు. అయితే మీ ఆవిడ అడిగిన మూడూ అడగాల్సిన ప్రశ్నలే. పెద్దవాళ్ల పట్టుదల ముందు ఆవిడ చేత ఊరికే 'సరే' అనిపించకండి. కన్నతల్లికి నచ్చని పేరు పిల్లవాడి మీద నిలవదు, పిలిచే నోరు ముందు ఆవిడదే. ఇది ఇద్దరూ కలిసి చదవండి.

ఈ పేరులో రెండు మాటలున్నాయి. తిమ్మ ఒకటి, అరసు ఒకటి. చివరి మాట తేలికైనది, ముందు దాని సంగతి చూద్దాం.

అరసు అంటే రాజు. కన్నడంలో ఈనాటికీ అదే అర్థం. కర్ణాటక ముఖ్యమంత్రిగా పనిచేసిన దేవరాజ అర్స్ పేరు చివర ఉన్న 'అర్స్' ఈ అరసే, ఇంగ్లీషు రాతలో నలిగి అలా అయింది. తమిళంలో రాజు నుంచి రాజ్యానికి మారి, ఇప్పుడు అరసు అంటే ప్రభుత్వం. తమిళం చదవగలిగితే తమిళనాడు ప్రభుత్వ బస్సుల మీద ఈ మాట మీకు కనిపిస్తుంది. విజయనగర కాలంలో మీ సీమలో తెలుగూ కన్నడమూ ఇరుగూ పొరుగూ కాదు, ఒకే ఇంట్లో మసలే భాషలు. పేరు చివర రాజు, రాయ, అయ్య, అప్ప, అరసు వీటిలో ఏదో ఒకటి గౌరవంగా చేరేది. అలా చేరడానికి ఆ మనిషి రాజ్యం ఏలుతూ ఉండక్కర్లేదు. తిమ్మకు అరసు చేరితే తిమ్మరసు. కన్నడంలో అలాగే మిగిలింది. తెలుగు నోటికి వచ్చేసరికి చివరి ఉకారం తన ముందున్న అచ్చును కూడా తనవైపు లాక్కుంది. మనిషి బహువచనంలో మనుషులు అయినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. అలా తిమ్మరుసు తయారైంది.

కాబట్టి రుసుకూ ఋషికీ ఏ చుట్టరికమూ లేదు. 'గొప్ప మంత్రి' అన్న అర్థం అంతకన్నా లేదు. ఆ పేరుగల ఒక మంత్రి బాగా ప్రసిద్ధుడు కావడంతో ఆయన ఉద్యోగాన్ని పేరుకు అర్థంగా రాసేశారు. గాంధీ అనే మాటకు 'జాతిపిత' అని అర్థం చెప్పినట్టుంటుంది ఇది. పిల్లల పేర్ల జాబితాలు చాలావరకు ఇలాగే ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే. ప్రతి పేరుకూ సంస్కృతంలో ఒక అర్థం ఉండి తీరాలన్న పట్టింపు వాటికి. తెలుగువాళ్ల పాత పేర్లలో చాలా భాగం గ్రంథాల్లోంచి ఊడిపడలేదు, జనం నోళ్లలో నలిగి నునుపుదేరాయి. వేంకటేశ్వరుడు వెంకన్న అయ్యాడు, ఎంకన్న కూడా అయ్యాడు. నరసింహుడు నర్సన్న, కృష్ణుడు కిష్టయ్య, లక్ష్మి లచ్చి. ఇవేవీ పొరపాట్లు కావు. రోజూ పిలుచుకునే దేవుణ్ణి పూర్తి బిరుదులతో ఎవరు పిలుస్తారు?

తిమ్మ కూడా అలా నలిగిన పేరే. దాని నిండు రూపం తిరుమల.

తిరుమల అన్న మాటను గబగబా నాలుగుసార్లు పలికి చూడండి. మధ్యలో 'రు' తేలిపోయి తిర్మల అవుతుంది. ర, మ పక్కపక్కన పడితే మకారం రేఫను మింగడం మన నేల మీద పాత అలవాటు. ధర్మం ప్రాకృతంలో ధమ్మం, కర్మం కమ్మం అయింది ఇందుకే. పేరు చివర అప్పో అక్కో చేరేసరికి మిగిలిన 'ల' కూడా జారిపోతుంది. తిమ్మప్ప, తిమ్మక్క, తిమ్మన్న, తిమ్మయ్య. తిరుపతి వెంకన్నను కన్నడిగులు ఈరోజుకీ 'తిరుపతి తిమ్మప్ప' అనే అంటారు. దేవుణ్ణే అలా పిలుస్తుంటే ఇక సాక్ష్యం ఎందుకు? అయినా మీ ఆవిడకు చూపించడానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది, అదీ తాళ్లపాక వారింట్లో.

అన్నమయ్య భార్య తిమ్మక్క. 'సుభద్రా కల్యాణం' రాసింది ఆవిడే. తెలుగులో తొలి కవయిత్రి అని ఆవిడను చెప్పుకుంటాం. ఆ తిమ్మక్కకే తిరుమలమ్మ అని ఇంకో పేరు. ఇవి రెండు పేర్లు కావు, ఒకే పేరుకు రెండు పలుకుబడులు. ఇంట్లో తిమ్మక్క, నిండుగా చెప్పాల్సి వస్తే తిరుమలమ్మ. ఏడుకొండలవాడి మీద వేల సంకీర్తనలు పుట్టిన ఇంట్లో ఇల్లాలిని కోతి పేరుతో పిలుచుకున్నారని ఎవరైనా అనగలరా?

తిరుమలను ఇంకాస్త విప్పితే తిరు అంటే శ్రీ, మల అంటే కొండ. మలయ్, మలై అని దక్షిణాది భాషల్లో ఎక్కడ చూసినా ఉన్న మాట. మన నల్లమలలో ఉన్నది కూడా ఈ మలే. కొండ పేరు ఆ కొండ మీది దేవుడికి వచ్చింది, దేవుడి పేరు భక్తుల ఇళ్లలో పిల్లలకు వచ్చింది. మీ అబ్బ పేరుకు అర్థం అడిగారు గనక ఒక్క మాటలో చెప్తున్నాను: తిరుమలరాజు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ పేరు మీద నాకు ఇంత మమకారం ఎందుకో ఇప్పుడు చెప్పేదాంట్లో ఉంది. శ్రీకృష్ణదేవరాయల కొలువును ఒకసారి మనసులో పెట్టుకోండి. 1509లో గద్దెకెక్కాడు, తిరుమల కొండకు ఏడుసార్లు వెళ్లాడు. ఆయనా ఇద్దరు దేవేరులూ చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహాలు గుడి లోపల మహాద్వారం దాటగానే ఇప్పటికీ ఉన్నాయి. ఆ పట్టపురాణి పేరు తిరుమలదేవి. ఆయన ఆస్థానంలో 'పారిజాతాపహరణం' రాసిన కవి నంది తిమ్మన. మహామంత్రి సాళువ తిమ్మరుసు. రాయలు ముచ్చటపడి చిన్న వయసులోనే పట్టం కట్టిన కొడుకు తిరుమలరాయలు. రాణి, కవి, మంత్రి, యువరాజు నలుగురికీ పేరు ఒక్కటే. కొండ మీది దేవుడు ఆ కోటలో నాలుగు రూపాల్లో తిరిగాడు.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. తిమ్మ అంటే తిరుమల, అరసు అంటే రాయ. అంటే తిమ్మరుసు, తిరుమలరాయలు అచ్చంగా ఒకే పేరు. ఒకటి కన్నడం కలిసిన వాడుక మాటలో, ఒకటి నిండు దుస్తుల్లో. ఏ పిల్లవాడి చావుకు కారణమయ్యాడన్న నింద ఆ ముసలి మంత్రి మీద పడిందో, ఆ పిల్లవాడిదీ ఈయనదీ ఒకే పేరన్నమాట. ఈ సంగతి మొదటిసారి తట్టిన రోజు నాకు చాలాసేపు మనసు కుదురుగా లేదు.

పేరు ఆ రోజుల్లో ఎలా వినిపించేదో తెలుసుకోవడానికి పోర్చుగీసువాళ్ల రాతలు పనికొస్తాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పాయెస్, రాజుగారికి అందరికన్నా ఇష్టుడైన ఒక వృద్ధుడి గురించి రాస్తూ ఆయన పేరు 'తెమెర్సెయ' అన్నాడు. బయటికి చదవండి, తిమ్మరుసయ్య వినిపిస్తాడు. ఎక్కడో పోర్చుగల్ నుంచి వచ్చిన చెవికి సైతం ఆ పేరు చివరి 'రస' పట్టుబడింది.

ఇక కోతి సంగతి. నిఘంటువుల్లో తిమ్మడు అంటే కోతి అని ఉన్నమాట నిజమే, దాచాల్సింది ఏమీ లేదు. తెలుగులో ఒక జంతువుకూ ఒక మనిషికీ ఒకే పేరుండటం కొత్తా కాదు. గంగిరెద్దును బసవన్న అంటాం. పన్నెండో శతాబ్దంలో కర్ణాటకంలో పెద్ద ధార్మిక ఉద్యమం నడిపిన మహానుభావుడి పేరూ బసవన్నే. ఆయన పేరు వినగానే ఎవరూ ఎద్దు అని నవ్వరు. మీ సీమలో తిమ్మాపురాలు, తిమ్మంపల్లెలు, తిమ్మసముద్రాలు ఎన్నున్నాయో మీకే తెలుసు. కదిరి దగ్గరి మహావృక్షాన్ని తిమ్మమ్మ మర్రిమాను అని దండం పెట్టుకుంటారు. తాడిపత్రిలో చింతల వేంకటరమణస్వామి గుడి కట్టించినాయన పెమ్మసాని తిమ్మానాయుడు. వేంకటరమణుడి పేరు పెట్టుకున్నాయన వేంకటరమణుడికే గుడి కట్టించాడు. ఇంతమంది, ఇన్ని ఊళ్లు కోతి పేరు మోస్తున్నారని అనుకోవడానికి వీల్లేదు.

అయితే బడి పిల్లలకు ఈ వ్యుత్పత్తులేవీ అక్కర్లేదు. మీ ఆవిడ భయం దగ్గర నేను తేలిగ్గా మాట్లాడలేను. నేను చదువుకున్న రోజుల్లో మా తరగతిలో ఒక తిమ్మప్ప ఉండేవాడు. హాజరు పిలిచేటప్పుడు అతని పేరు రాగానే వెనక బెంచీల నుంచి కీచుమని శబ్దాలొచ్చేవి. పంతులుగారు ఆపేవారు కాదు, ఒక్కోసారి ఆయన పెదాల మీదా నవ్వుండేది. తిమ్మప్ప తల వంచుకుని 'ప్రెజెంట్ సార్' అనేవాడు, పక్కవాడికి కూడా వినపడనంత నెమ్మదిగా. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అది ఏ దేవుడి పేరో అప్పుడు మా ఎవరికీ తెలియదు, పాపం అతనికీ తెలియదు. వాళ్లింట్లో చెప్పి ఉంటే ఒక్కసారైనా తలెత్తి మా వైపు చూసేవాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మీకు చెప్పేది ఇది. పేరు పెడితే దాని కథ కూడా వాడికి ఇవ్వాలి. మాటలు వచ్చే వయసు నుంచే 'నీది తిరుమల వెంకన్న పేరు, మీ జేజబ్బ పేరు' అని అలవాటుగా చెప్తూ ఉండండి. రాయలు-అప్పాజీ కథలు వినిపించండి. ఆ కథల్లో చిక్కుముడులు విప్పే అప్పాజీ ఈ తిమ్మరుసే, రాయలు ఆయన్ని తండ్రిలా అలా పిలిచేవాడు. పేరు వెనక ఒక తెలివైనవాడు ఉన్నాడని నాలుగేళ్లకే తెలిసిన పిల్లవాడు 'కోతి' అన్న మాటకు కుంగిపోడు, 'నీకు తెలీదులే' అని తిరిగి చెప్తాడు. అయినా ఏడిపించేవాళ్లు ఏ పేరునీ వదలరు, ఎంత నాజూకు పేరు పెట్టినా దానికీ ఒక ప్రాస దొరుకుతుంది వాళ్లకు.

అరిష్టం మాట. కళ్లు తీయించిన కథ మనకు ప్రధానంగా ఇంకో పోర్చుగీసువాడు, గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ న్యూనిజ్ రాతల వల్ల తెలిసింది. ఆయన రాసింది 1535 ప్రాంతంలో, ఆ సంఘటనలు జరిగిన పదేళ్ల తర్వాత, రాయల తమ్ముడు అచ్యుతరాయల ఏలుబడిలో. పసి యువరాజు జబ్బు చేసి పోవడం, విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు కొడుకు మీదికి రావడం, తండ్రీ కొడుకుల్ని చెరలో వేయడం, తర్వాత కళ్లు తీయించడం అన్నీ ఆయన చెప్పినవే. అదే న్యూనిజ్ ఇంకో కథా చెప్పాడు, దాన్ని ఎందుకో జనం తక్కువ చెప్పుకుంటారు. రాయల అన్నగారు చనిపోతూ, తన కొడుక్కి రాజ్యం దక్కాలని, తమ్ముడు కృష్ణరాయడి కళ్లు తీసి తెచ్చి చూపించమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు కృష్ణరాయణ్ణి దాచిపెట్టి, మేక కళ్లు తెచ్చి చూపించాడట. రెండు కథలూ ఒకే మనిషి రాశాడు. మొదటిది నమ్మి భయపడేవాళ్లు రెండోదీ నమ్మాలి. రాయల కళ్లూ రాజ్యమూ నిలబెట్టిన పేరు ఇది.

నిజం చెప్పాలంటే కష్టపడినవాళ్ల పేర్లు పెట్టకూడదంటే మనకు పేర్లే మిగలవు. రాముడు పద్నాలుగేళ్లు అడవులు పట్టాడు, హరిశ్చంద్రుడు కాటికాపరి అయ్యాడు, అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి తిరిగి రాలేదు. ఆ పేర్లు ఇంటింటా ఉన్నాయి. పైగా మీరు పెడుతున్నది విజయనగర మంత్రి పేరు కాదు, మీ అబ్బ పేరు. ఆయన నిండు జీవితం గడిపి మొన్నటిదాకా మీ కళ్ల ముందు తిరిగిన మనిషి. శకునం చూడాలనుకుంటే అక్కడ చూడండి.

మీ ఆవిడకు ఇంకొక్క మాట. ఈ పేరు సీమవాళ్లదనీ, అత్తింటి నుంచి వచ్చి పడిందనీ ఆవిడకు అనిపిస్తుంటే, అది నిజం కాదమ్మా. 1515లో గజపతుల చేతుల్లోంచి కొండవీడు విజయనగరం కిందికి వచ్చాక ఆ సీమ పరిపాలన తిమ్మరుసు చేతికొచ్చింది. ఆయన మేనల్లుళ్లు నాదెండ్ల అప్పన, గోపన అక్కడ అధికారం చేశారు. కొండవీడు మీ గుంటూరు పక్కనే. సీమలో పెనుకొండకు వెళ్తే తిమ్మరుసు సమాధి అని స్థానికులు ఒక కట్టడం చూపిస్తారు. ఆయన ఏలిన కొండ మీ పుట్టింటి వైపు, ఆయన పడుకున్న చోటు మీ అత్తింటి వైపు. మీ బాబుకు మల్లే ఆయనకూ రెండు వైపులా ఊళ్లున్నాయి.

ఇంత విన్నా ఆ పలుకు ఆవిడ నాలుకకు రాకపోతే బలవంతం వద్దు, దారి ఉంది. తిరుమలరాయ అని పెట్టండి. పైన చెప్పినట్టు అది వేరే పేరు కాదు, మీ అబ్బ పేరే. మీ నాన్నగారికి ఈ ముక్క విడమరిచి చెప్పండి, ఆయనకు లోటనిపించదు. తిరుమల అని పిలుచుకోవచ్చు, ఆయన నోట తిమ్మన్న అని రావచ్చు. నన్నడిగితే మాత్రం తిమ్మరుసే అంటాను. తిరుమల పేరుతో పిల్లలు చాలామంది ఉన్నారు. తిమ్మరుసులు దాదాపు అయిపోయారు. మీ ఇంట్లో కూడా లేకపోతే ఆ పిలుపు వినపడే గుమ్మాలు ఇంకొకటి తగ్గుతుంది.

కాగితాల సంగతికి కంగారు పడకండి. జననం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే ఖాయం కానక్కర్లేదు. నమోదైన ఏడాదిలోపు పేరు చేర్చుకుంటే రుసుము ఉండదు, ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. అంచేత బారసాల గడువు చూసి ఇద్దరూ మాటామాటా అనుకోవద్దు. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాస్తారో ఒకసారి కూర్చుని తేల్చుకుని, జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు, రేపటి పాస్‌పోర్టు అన్నిట్లో అదే ఉంచండి. మొదటి అక్షరం దగ్గర టీ తర్వాత హెచ్ పెట్టాలా వద్దా, మధ్యలో ఎం ఒకటా రెండా అన్న తేడాలతో పెద్దయ్యాక ఆఫీసుల చుట్టూ తిరిగేది వాడే. అరుదైన పేరు కాబట్టి రాసేవాళ్లు తోచినట్టు రాస్తారు, మీరు దగ్గరుండి చూసుకోవాలి.

బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు కదా. ఆ ఉంగరం ఈసారి తండ్రి ఒక్కడే పట్టుకోకుండా ఇద్దరూ కలిసి పట్టుకోండి. తి, మ్మ, రు, సు. నాలుగక్షరాలే, పళ్లెం పట్టేస్తుంది. మ కింద వత్తు రాసేటప్పుడు బియ్యం జారి పూడిపోతుంది, కాస్త లోతుగా గీయండి.